భూగోళం తీసుకున్న ఏడు

హైస్కూల్లో భూగోళం ఎందుకు తీసుకున్నారని ఈ మధ్య ఒకాయన నన్ను అడిగాడు. దేశాల మీద మోజుతోనా, ప్రయాణాల మీద ఆశతోనా అని జవాబులు కూడా ఆయనే సిద్ధం చేసుకొచ్చాడు. రెండూ కాదు, సంస్కృతం పంతులు మీద కోపంతో తీసుకున్నానని చెప్పాను. ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. వయసు మళ్ళినవాడి దగ్గర కోపం కంటే గొప్ప కారణం ఏదో ఉంటుందని జనం ఆశిస్తారు కాబోలు. నా దగ్గర ఉన్నదే చెబుతాను.

మాది షోలాపూర్ నేతపేటలో ఒకప్పుడు నలభై మగ్గాల ఇల్లు. ఈ 'ఒకప్పుడు' అనే మాట మా ఇంట్లో దేవుడి పేరు కంటే ఎక్కువగా వినిపించేది. మా తాత నిజాం రాజ్యంలోని సొంత ఊరు వదిలి వచ్చి ఆ నలభై మగ్గాలూ పెట్టాడు. నేను పుట్టేనాటికి మిల్లు గుడ్డ వాటిలో ముప్పై తొమ్మిదింటిని మింగేసింది. మిగిలిన ఒక్కటి ముందుగదిలో ఉండేది. అది గుంట మగ్గం. నేసే మనిషి కాళ్ళు కిందికి పెట్టుకోవడానికి నేలలో గొయ్యి ఉంటుంది. ఆ గోతి మీద పలకలు పరిచి, ఏటా దసరా నాడు మగ్గానికి బొట్టు పెట్టేవాళ్ళం. మిగిలిన రోజుల్లో మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ గోతిలో ఎండుమిరపకాయల గోనె దాచేది. నాయన ఆ సంగతి తెలియనట్టే ఉండేవాడు.

నాయన నేసేవాడు కాదు. 'మేము నేయించినోళ్ళం' అనేవాడు. పొద్దున్నే తలపాగ చుట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. చేయడానికి పనేమీ ఉండేది కాదు. కాని ఆ కూర్చోవడం ఎంత హుందాగా ఉండేదంటే, దారిన పోయేవాళ్ళు ఆయనేదో పెద్ద పనిలో ఉన్నాడనుకుని పక్కకు తప్పుకునేవాళ్ళు. వెన్ను వంచకుండా కూర్చోవడం ఒక్కటే మాకు మిగిలిన ఆస్తి. అది మొత్తం నాకే వచ్చింది. ఇప్పటికీ కుర్చీలో వెనక్కి ఆనుకోలేను.

మా నలభై మగ్గాల్లో ఒకదాని మీద నేసి బతికిన మనిషి ఒకాయన, ఇప్పుడు అశోక్ చౌక్ అంటున్న వైపు కరెంటు మగ్గాల కార్ఖానా పెట్టాడు. మా దగ్గర నేసినన్నాళ్ళూ నాయనను 'సావుకారూ' అని పిలిచేవాడు. మొదటి కరెంటు మగ్గం వచ్చాక 'పెద్దన్నా' అన్నాడు. నాలుగోది వచ్చాక పెద్దరికం కూడా ఊడిపోయి ఉత్త 'అన్నా' మిగిలింది. ఎనిమిదోది వస్తే ఏమని పిలుస్తాడోనని అవ్వ కుతూహలంగా ఎదురుచూసేది.

ఆయన నెలకొకసారి మా అరుగెక్కి ఒకే మాట చెప్పేవాడు.

"అన్నా, పోరని సదువు ఇంక ఎంతదాకనే? నా కార్ఖానకు తోలు. కండెలు సుట్టుడు నేర్సుకుంటడు. ఆర్నెల్లల్ల మగ్గం మీద నిలవడుతడు."

"పాన్ తింటవా?" అనేవాడు నాయన.

"అదేందే, నేనడిగేదేంది, నువ్వనేదేంది?"

"సున్నం ఎక్కువెయ్యాల్నా?"

ఆయన పాన్ నములుతూ వెళ్ళిపోయేవాడు. నాయన మాత్రం ఆ రోజంతా అన్నం సరిగ్గా తినేవాడు కాదు. నా చదువు ఎక్కడ ఆగితే అక్కడి నుంచి నేను నడవాల్సింది ఆ కార్ఖానాకేనని ఇంట్లో అందరికీ తెలుసు. నలభై మగ్గాలవాడి మనవడు, తాత దగ్గర నేసినవాడి దగ్గర కండెలకు నూలు చుట్టడం. మా ఇంట్లో చావు గురించైనా మాట్లాడుకునేవాళ్ళం గాని దీని గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు.

కాబట్టి నేను చదవాలి. ఏం చదవాలో నాయన ఎప్పుడో నిర్ణయించాడు. మేము మార్కండేయుని సంతతి, జంధ్యం వేసుకునేవాళ్ళం, మా పురాణాన్ని ఇంకొకరు చదివి వినిపిస్తే చేతులు కట్టుకుని వినడం ఏమిటని ఆయన బాధ. అందుకని సంస్కృతం. మా బడిలో ఐదో ఇంగ్లీషు తరగతికి వెళ్ళే ముందు పిల్లలు ఒక కాగితం ఇవ్వాలి. సంస్కృతమా, భూగోళమా అన్నది అందులో రాసి, కింద తండ్రి సంతకం పెట్టాలి. తెలివైనవాళ్ళు సంస్కృతం తీసుకునేవాళ్ళు. తండ్రులు తెలివైనవాళ్ళయితే కొడుకులు కూడా సంస్కృతమే తీసుకునేవాళ్ళు. భూగోళం మిగిలినవాళ్ళ కోసం ఉండేది.

కాగితాలు ఇవ్వడానికి ముందు సంస్కృతం పంతులు మమ్మల్ని రెండు వారాలు కూర్చోబెట్టి రుచి చూపించాడు. మూడో రోజున బెంచీల మధ్య తిరుగుతూ నా దగ్గర ఆగాడు. నా అంగీ పై గుండీ ఊడిపోయి ఉంది. ఆ సందులోంచి కనిపిస్తున్న జంధ్యాన్ని రెండు వేళ్ళతో పైకి లాగి, వెలుతురుకు పట్టి చూసి, అంగట్లో బేరం చేసేవాడిలా మరాఠీలో అడిగాడు. ఇది ఎన్నో నంబరు నూలు రా, ఇరవయ్యా, నలభయ్యా?

తరగతి నవ్వింది. నేను లేచి నిలబడి, నలభై అని చెప్పాను. అడిగినదానికి జవాబు చెప్పడం మా ఇంటి మర్యాద. అది విని ఇంకా గట్టిగా నవ్వారు.

ఆ సాయంత్రం అరుగు మీద నాయన ముందు నిలబడి భూగోళం తీసుకుంటానన్నాను.

"సంస్కృతం ఎందుకొద్దు?"

"ఆయన దగ్గర సదువను."

"ఏమన్నడు?"

చెప్పాను.

"నువ్వెంత నంబరన్నవ్?"

"నలభై."

"ముప్పై రెండు. నిరుడు మీ అవ్వ మార్చింది. తెల్వకుంటె తెల్వదనాలె." వీధి వైపు తిరిగి, "ఆయన సంస్కృతం ఆయన్నే పెట్టుకోమను" అన్నాడు.

ఒక తరం నుంచి మా ఇంట్లో పెంచుకున్న కోరిక అలా ఒక్క ముక్కలో పోయింది. వంశ పురాణం కంటే వంశ మర్యాద పెద్దదని నాయన లెక్క. నాకూ అదే సరైనదనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక మిగిలింది భూగోళం. అయితే భూగోళానికి మమ్మల్ని తీసుకునే ఉద్దేశం ఉన్నట్టు కనిపించలేదు. ఆ ఏడు భూగోళం కోరినవాళ్ళం మొత్తం నలుగురం. బడి దగ్గర ఉన్న దేశపటం ఒక్కటే. ఆ పటంలో షోలాపూర్ ఉండవలసిన చోట రూపాయంత బొక్క ఉంది. తరతరాల పంతుళ్ళు 'మనం ఉన్నది ఇక్కడ' అని బెత్తంతో పొడిచి పొడిచి ఆ ఊరిని పటం మీద లేకుండా చేశారు. బొక్క చుట్టుపక్కల పూణె, బీజాపూర్ భద్రంగా ఉన్నాయి. కిందటిసారి వచ్చిన ఇన్‌స్పెక్టరు అది చూసి, పనికొచ్చే పటం లేని బడిలో భూగోళం చెప్పడం దేనికని రాసిపోయాడట. మళ్ళీ నెలన్నరకు వస్తున్నాడు. ఆయన వచ్చేలోగా పటం రాకపోతే ఆ తరగతి మూసేస్తాననీ, ఆ నలుగురూ సంస్కృతంలో చేరవచ్చుననీ, లేకపోతే ఇంటికి పోవచ్చుననీ హెడ్‌మాస్టరు చెప్పాడు.

ఇల్లు అంటే నాకు కార్ఖానా. అది ఆయనకు తెలియదు.

భూగోళం పంతులు గొంతు సన్నం, మనిషి ఇంకా సన్నం. కొత్త పటం ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని అడగాలో తెలియక బల్ల మీది సుద్దముక్కలను సర్దుతూ నిలబడ్డాడు. నాకు ఆయన మీద జాలి కలగలేదు. హెడ్‌మాస్టరు ముందు ఎవరైనా అలా నిలబడితే నాకు వెన్ను ఇంకా నిటారుగా అయిపోయేది. లేచి మరాఠీలో అన్నాను: కాగితం పటం చిరుగుతుంది, మా ఇంట్లో నేసి ఇస్తాం.

"మీ ఇంట్లో మగ్గముందా?" అని హెడ్‌మాస్టరు అడిగాడు.

"నలభై ఉండేవి" అన్నాను.

ఆయన అడిగింది అది కాదు. అయినా సరేనన్నాడు. నేస్తే భూగోళం ఉంటుంది, నేయకపోతే పోతుంది. పేర్లు రాయనవసరం లేదని పంతులు చెప్పాడు. పేర్లు లేని పటం మీదే పిల్లలకు ఊళ్ళు గుర్తుపట్టడం వస్తుందట. అక్షరాలు నేయడం ఎంత కష్టమో ఆయనకు తెలిసి కాదు గాని, ఆ మాట మాకు కలిసివచ్చింది.

ఇంట్లో చెప్పేసరికి అవ్వ పెనం మీద కాలుస్తున్న రొట్టె మాడిపోయింది.

"ఎవలు నేస్తరు?" అంది. "మనకాడ నేసినోళ్ళంత ఆయన కార్ఖానల ఉన్నరు. ఆయన్నడుగుతరా?"

నాయన ముందుగదిలోని మగ్గం వైపు చూశాడు.

"మీ తాత నేసిండు, వాళ్ళ నాయన నేసిండు. ఈయనకొక్కనికే చేతులకు గోరింటాకు పెట్టిన్రు" అని అవ్వ నాతో అంది, గోడకు అవతల ఉన్నవాళ్ళకు కూడా వినిపించేట్టు.

మరునాడు పొద్దున మిల్లు భోంగా మోగాక, అంటే వీధి మగవాళ్ళంతా పనిలోకి వెళ్ళాక, నాయన వీధి తలుపు వేశాడు. తలపాగ విప్పి, మడిచి, గూట్లో పెట్టాడు. పగటిపూట ఆయన బోడితల నేను చూడటం అదే మొదలు. పలకలు తీసి గోతిలోకి దిగాడు. మిరపకాయల గోనె కాలికి తగిలింది. నలభై మగ్గాల వారసుడు మగ్గం మీద చెయ్యి వేయబోతూ ఏడుసార్లు తుమ్మాడు.

ఆయనకు నేత వచ్చునని నాకు అంతవరకు తెలియదు. చిన్నప్పుడు తాత కూర్చోబెట్టి నేర్పించాడట. నేయించేవాడు నేసేవాడి తప్పు పట్టుకోవాలంటే నేత తెలిసి ఉండాలట. అవ్వ పెట్టె అడుగు నుంచి పాత నూలు తీసింది. తెల్లటి నేల, ఎర్రటి దేశం, నీలపు నదులు అనుకున్నాం. పువ్వులు నేసినట్టే, రంగుదారాన్ని చేత్తో పడుగు పోగుల మధ్య ఒక్కొక్కచోట జొనిపి, పేక కొట్టి బిగిస్తూ పోవాలి. రోజుకు అంగుళం సాగితే గొప్ప.

తలుపులు మూసినా మగ్గం చప్పుడు ఆగదు గదా. మా వీధిలో ఆడవాళ్ళు ఏ ఇంటి మగ్గం ఏదో చెవితో గుర్తుపట్టేవాళ్ళు. మూడోనాడు పక్కింటామె నీళ్ళ దగ్గర అవ్వను నిలేసింది.

"ఏందక్కా, మీ ఇంట్ల మగ్గం సప్పుడు?"

"ఎలుకలు."

"మంచిగనే నేస్తున్నయ్ ఎలుకలు. నాక్కూడ ఒక జత ఇయ్యి."

నా వంతు పని నమూనా తయారు చేయడం. బడి పటం మీద నూనె కాగితం పరిచి, దేశం అంచులు, నదులు గీశాను. గళ్ళు కొట్టాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా మగ్గాల మీద పువ్వుల బట్ట ముఖం కిందికి పెట్టి నేస్తారు. నేసేవాడికి కనిపించేది బట్ట వెనకవైపు. దారాల కొసలు, ముడులు పైన ఉంటాయి కాబట్టి పని సులభం. దానివల్ల పైన కుడివైపు నేసింది, కోసి తిప్పాక ఎడమవైపు వస్తుంది. అందుకని నమూనాను ముందే కుడిఎడమలు మార్చి పెట్టుకోవాలి. నేతవాళ్ళ ఇంట పుట్టిన నాకు ఆ రహస్యం తెలుసు. బడిలో మిగతా ముగ్గురికీ తెలియదు. ఆ గర్వంతోనే నూనె కాగితాన్ని వెనక్కి తిప్పి, ఆ వైపు నుంచి సిరాతో దిద్ది, తెచ్చి నాయనకు ఇచ్చాను.

ఏ నేతగాడైనా బయటివాడి నమూనా చేతికి రాగానే చేసే పని ఒకటుంది. దాన్ని తిప్పి మగ్గానికి కట్టడం. నాయన చెయ్యి అలవాటుగా అదే చేసింది. నూనె కాగితం ఏ వైపు నుంచి చూసినా కనిపిస్తుంది. నేను తిప్పానని ఆయనకు చెప్పలేదు. తిప్పాడని ఆయన నాకు చెప్పలేదు. మా ఇంట్లో అంత తెలిసిన విషయాలు ఒకరికొకరు చెప్పుకోవడం అవమానం.

వేరే ఇళ్ళలో నేసేవాళ్ళు పడుగు కింద చిన్న అద్దం పెట్టి, బట్ట ముఖం ఎలా వస్తున్నదో చూసుకునేవాళ్ళు. అవ్వ గోడకున్న అద్దం తీసుకొచ్చింది.

"అద్దం పెండ్లిపిల్లకు గావాలె. తీసెయ్" అన్నాడు నాయన.

"సూసుకుంటె ఏం బోతది?"

"నా చెయ్యి నాకు తెల్వదా?"

అద్దం మళ్ళీ గోడ మీదికి పోయింది.

నేసినంతమేర చుట్టుకుపోతూ ఉంటుంది కాబట్టి ఎప్పుడు చూసినా జానెడు దేశమే కనిపించేది. కన్యాకుమారి నుంచి మొదలుపెట్టి పైకి పోయాం. షోలాపూర్ ఎక్కడ, నిజాం రాజ్యం ఎక్కడ అని నాయన అడిగితే మగ్గానికి కట్టిన కాగితం మీద వేలు పెట్టి చూపించాను. నేను బడి నుంచి రాగానే వంగి చూసేవాణ్ణి. ఒకరోజు ఎడమవైపు కాఠియావాడ్ ముక్కు సముద్రంలోకి పొడుచుకొచ్చి కనిపించింది. అచ్చం పటంలో ఉన్నట్టే ఉందని మురిసిపోయాను. పైన సరిగ్గా కనిపించేది కింద తప్పుగా ఉంటుందని ఆలోచించడానికి గొప్ప బుద్ధి అక్కర్లేదు. నాకు ఆ రోజుల్లో గొప్ప బుద్ధి ఉందన్న నమ్మకం ఒక్కటే ఉండేది.

ఇన్‌స్పెక్టరు రావడానికి రెండు రోజుల ముందు పటం పూర్తయింది. అవ్వ మగ్గానికి హారతి ఇచ్చింది. నాయన పడుగు కోసి, బట్ట విప్పి, ముఖం పైకి వచ్చేట్టు చాప మీద పరిచాడు. రంగులు బ్రహ్మాండంగా ఉన్నాయి. అంచు కత్తితో గీసినట్టు వచ్చింది. బంగాళం ఎడమవైపు ఉంది. కాఠియావాడ్ కుడివైపు ఉంది.

"ఏమైంది?" అన్నాడు నాయన, నా ముఖం చూసి.

"తిరగబడ్డది నాయనా."

"ఏది?"

"దేశం."

ఆయన వంగి చూశాడు. దేశం ఎలా ఉండాలో ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన దృష్టిలో ఒక్క పోగు తప్పు లేదు.

"గిట్లుంటె ఏమైతది?"

"బొంబాయి తూర్పున ఉంటది. పొద్దు బొంబాయిల పొడుస్తది."

"పొడువనియ్యి. ఎప్పుడు వాళ్ళకేనా?" అంది అవ్వ. ఎవరికి అన్నది నాకు తెలియలేదు.

నాయన నూనె కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"తిప్పిన్నా నేను? తిప్పిన."

"నేను గూడ తిప్పిన నాయనా."

"నువ్వెందుకు తిప్పినవ్?"

"తిప్పాలె గదా."

"తిప్పాలె" అని ఒప్పుకున్నాడు. "నేను తిప్పుతగదా."

ఇద్దరం చాపకు రెండు పక్కలా కూర్చున్నాం. ఎవరి వెన్నూ వంగలేదు. నెలన్నర పనిని రెండు రోజుల్లో మళ్ళీ చేయడం కుదరదు. కుదిరే పని ఒక్కటే ఉంది, దాన్ని నోటితో అనడానికి మా ఇద్దరిలో ఎవరికీ మనసు రాలేదు. పటాన్ని వెనక్కి తిప్పి కడితే దేశం సరిగ్గా ఉంటుంది. కాని అప్పుడు బడి అంతా చూసేది బట్ట వెనకవైపు. ముడులు, తెగిన కొసలు, ఒక నది నుంచి ఇంకో నదికి వేలాడే దారాలు. మా పేటలో బట్ట వెనకవైపును పరాయివాడికి చూపించడమంటే, పెళ్ళికి పిలిచి చిరిగిన చాప వేయడం లాంటిది. పరువున్న ఇంటివాడు కొనేవాడి చెయ్యి పట్టుకునైనా సరే బట్టను తిప్పనివ్వడు.

"వద్దు నాయనా," అన్నాను. "సంస్కృతమే తీసుకుంట. ఆయన ఏమన్న అననీ."

ఆ మాట అనడం నాకు ఎంత కష్టమైందో చెప్పను. అంతవరకు నా బతుకులో ఎవరి ముందూ తగ్గి ఒక మాట అనలేదు.

"జంధ్యం పట్టుకోని లాగితె?"

"లాగనీ."

నాయన లేచి కత్తెర తీసుకొచ్చాడు. పటాన్ని బోర్లా తిప్పి, వేలాడే దారాలు కత్తిరించడం మొదలుపెట్టాడు. అవ్వ సూదితో కొసలు కుట్టేసింది. ఎంత కత్తిరించినా వెనకవైపు వెనకవైపే. కొన్ని చోట్ల ముడులు గోరుచుట్టంత లావున మిగిలిపోయాయి.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున నాయన తలపాగ చుట్టుకుని, పటం భుజాన వేసుకుని మొట్టమొదటిసారి మా బడికి వచ్చాడు. తరగతి గోడకు తన చేతులతో కట్టాడు. దేశం సరిగ్గా, బట్ట తిరగేసి. హెడ్‌మాస్టరుకు, పంతులుకు ఏమీ తెలియలేదు. వాళ్ళు నేతవాళ్ళు కాదు. దారాలు కాస్త ముతకగా ఉన్నాయని మాత్రం అనుకున్నారు.

ఇన్‌స్పెక్టరు వెంట బడి కమిటీ వాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళలో మా కార్ఖానా ఆయన ఉన్నాడు. బడికి బెంచీలు ఇచ్చినందుకు ఆయనను కమిటీలో వేశారు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయన కళ్ళు గోడ మీద పడ్డాయి.

"అన్నా, ఉల్టా కట్టినవ్" అన్నాడు. గొంతు తగ్గించాలని ఆయనకు తోచలేదు. "ముడులన్ని కనవడుతున్నయ్."

నాయన ఆయన వైపు తిరగలేదు.

"నీకు కనవడుతయ్, నువ్వు నేసినోనివి" అన్నాడు. "ఆయనకు దేశం కనవడుతది."

కార్ఖానా ఆయన దగ్గరికి వచ్చి, పటం మూల పట్టుకుని కొద్దిగా ఎత్తి వెనక్కి చూశాడు. ఒక్క చూపు చాలింది. వదిలేశాడు.

"ఇద్దరు తిప్పిన్రా?" అన్నాడు, ఈసారి మెల్లగా.

నాయన పటం మూలను సరిచేశాడు.

ఇన్‌స్పెక్టరు పటం ముందు నిలబడి, చేతికర్రతో ఒక ముడిని తట్టి, ఇవేమిటని హెడ్‌మాస్టరును అడిగాడు. హెడ్‌మాస్టరు పంతులు వైపు చూశాడు. పంతులు సుద్దముక్కల వైపు చూశాడు. మా తరగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను. అప్పుడు కార్ఖానా ఆయన ఏ మాత్రం తొణకకుండా మరాఠీలో అన్నాడు:

"కొండలు సాహెబ్. చేత్తో తడిమితే తెలియాలని అట్లా నేస్తారు. మా తెలుగువాళ్ళ పాత పద్ధతి."

అటువంటి పద్ధతి భూమ్మీద ఎక్కడా లేదు. ఇన్‌స్పెక్టరు ముఖం విప్పారింది. టోపీ చంకలో పెట్టుకుని, పడమటి కనుమల మీద వేళ్ళు నడిపి, పిల్లలకు ఇలాగే చెప్పాలని మెచ్చుకున్నాడు. మా అవ్వ హిమాలయాలను చాలా శ్రద్ధగా కుట్టి చదును చేసింది. లావుపాటి ముడులన్నీ గంగా మైదానంలో, బంగాళంలో మిగిలాయి. ఇన్‌స్పెక్టరు చెయ్యి అటు పోతుంటే మా పంతులు కళ్ళు మూసుకున్నాడు. దేశంలోకెల్లా ఎత్తైన శిఖరం కలకత్తా పక్కన తగిలినా ఆయన ఏమీ అనలేదు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు వివరాల పట్టింపు ఉండదు.

షోలాపూర్‌కు కొంచెం తూర్పున ఒకచోట ఆయన వేలు ఆగింది. అక్కడ గోరంత జరీ మెరుస్తున్నది. అది నమూనాలో లేదు. నేను గీయలేదు.

"ఇక్కడ బంగారం ఉందా?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

ఎవరికీ తెలియదు. నాయన తలపాగ సర్దుకుని, మరాఠీలో, "ఉండేది" అన్నాడు.

అది తాత వదిలి వచ్చిన మా ఊరని నాకు ఇంటికి పోయేదాకా తట్టలేదు.

భూగోళం తరగతి నిలబడింది. హెడ్‌మాస్టరు కాగితం ఇస్తే నాయన నిలబడే సంతకం పెట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. బయటకు వచ్చాక కార్ఖానా ఆయన మా వెనకే వచ్చి, ఏదో అనబోయి, నాయన ముఖం చూసి, "పాన్ తింటవా అన్నా?" అన్నాడు. నాయన తీసుకున్నాడు. ఆ కొండల అబద్ధంతో మా తరగతిని నిలబెట్టినందుకు ఆయనను నేను చాలా ఏళ్ళు క్షమించలేదు. కీడు చేసినవాణ్ణి క్షమించడం తేలిక. కనీసం వాడు మనకంటే తక్కువవాడని అనుకోవచ్చు.

ఇంటికి నడుస్తూ నాయన దారి పొడవునా పాన్ నమిలాడు. మా వీధి మొగ దాకా వచ్చాక అడిగాడు.

"నక్షాల తూర్పు కుడిదిక్కు ఉంటదా?"

"ఉంటది."

"ఎప్పుడు గంతేనా?"

"ఎప్పుడు గంతే."

"ఎవలు పెట్టిన్రు గట్ల?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

"అది తెల్వకుంటనే తీసుకున్నవా భూగోళం? రేపు అడిగి రా."

మరునాడు పంతులును అడిగాను. ఆయన పటం వైపు, కిటికీ వైపు, నా వైపు చూసి, అది పరీక్షకు రాదన్నాడు.